టెలిఫోనుకు టెలివిజను తోడైతే

పుదుచ్చేరిలో మా ఇంట ఉంటున్న మా అమ్మగారికీ, యానాంలో ఉంటున్న మా పిన్నికీ నడుమ 800 కిలోమీటర్లకు పైబడిన దూరం ఉన్నది. రెండు ఊళ్లూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోనివే అయినా, టెలిఫోను లెక్కలో మాత్రం యానాం కాకినాడతో పొత్తు కలిసింది. దాని కోడు 0884, పుదుచ్చేరిది 0413. ఒకే ప్రభుత్వపు నీడన ఉన్న అక్కచెల్లెళ్లు ఎస్.టి.డి. లేనిదే ఒకరి గొంతు ఒకరు వినలేని రోజులు చాలాకాలం నడిచాయి. రాత్రి పొద్దుపోయాక ఛార్జీలు తగ్గే వేళ కోసం అమ్మగారు గడియారం వంక చూస్తూ కూర్చోవడం మాకు బాగా జ్ఞాపకం. ఆ తరువాత ఛార్జీలు తగ్గాయి. దానితోపాటు ఇద్దరి వినికిడీ తగ్గింది.

2018 కార్తీకమాసంలో పిన్ని పెరట్లో నూతిగట్టు దగ్గర జారిపడ్డారు. ఆ సాయంత్రమే అమ్మగారు ఫోనులో "ఎలా ఉన్నావే?" అని అడిగితే "ఏదో బాగానే ఉన్నానక్కా" అన్నారట. అమ్మగారికి ఆ మాట సగమే వినిపించింది. వినిపించిన సగం "బాగానే" అన్నది. పన్నెండు రోజుల తరువాత పొరుగువారు ఫోను చేసి చెబితేగాని, పిన్ని కుడి మణికట్టు వాచిపోయిందనీ, పాత చీర చెంగు చించి కట్టు కట్టుకుని తిరుగుతున్నారనీ మాకు తెలియలేదు. హుటాహుటిన వెళ్లి కాకినాడలో చూపించాము. ఎముక అప్పటికే వంకరగా అతుక్కోవడం మొదలైందనీ, మొదటి వారంలోనే తీసుకువచ్చి ఉంటే తిన్నగా కూర్చోబెట్టడానికి వీలుండేదనీ డాక్టరుగారు అన్నారు. ఆ చెయ్యి ఈనాటికీ పూర్తిగా తిరగదు. వాకిట్లో ముగ్గు ఎడమచేత్తో పెట్టుకుంటారు.

"మొగం చూసి ఉంటే నాకు తెలిసిపోయేదిరా" అన్నారు అమ్మగారు, మేము తిరిగివచ్చిన రాత్రి. ఆమె మమ్మల్ని నిందించలేదు, ఉన్నమాటే అన్నారు. కాని పాతికేళ్లకు పైగా టెలిఫోను తీగలతో సహవాసం చేసిన వాళ్లం కావడం వల్ల ఆ మాట మాకు కాస్త లోతుగానే దిగింది. ఇంటి టెలిఫోను సంభాషణకు టెలివిజను ద్వారా బొమ్మను జోడించే ప్రయత్నం మా ఇంట మొదలైంది ఆనాటినుంచే. అందులో మేము తెలుసుకున్న విషయాలు కొన్ని, వృద్ధులైన తల్లిదండ్రులు గల సహోద్యోగులకు పనికివస్తాయని ఇక్కడ విన్నవించుకుంటున్నాము.

మాటకు బొమ్మను జత చేయాలన్న కోరిక మన తరానిది కాదు. 1927 ఏప్రిల్ 7న అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు అప్పటి వాణిజ్యమంత్రి హెర్బర్ట్ హూవర్ ముఖాన్ని వాషింగ్టన్ నుంచి న్యూయార్కుకు తీగ మీదుగా పంపి, ఆయన మాటతోపాటు చూపించారు. 1936లో జర్మనీ తపాలాశాఖ బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల మధ్య ప్రజలు డబ్బు చెల్లించి ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకునే గదులను తెరిచింది. 1970లో పిట్స్‌బర్గ్ నగరంలో ఏటీ అండ్ టీ సంస్థ పిక్చర్‌ఫోను సేవను వ్యాపారస్థాయిలో ప్రారంభించింది. దాని నెల అద్దె 160 డాలర్లు. ఒక్కొక్క చందాదారుకు ఒక జత తీగలు చాలక మూడు జతలు కావలసి వచ్చేవి. బొమ్మకు 1 మెగాహెర్ట్జ్ జాగా పట్టేది. మామూలు సంభాషణకు మనం కేటాయించే 4 కిలోహెర్ట్జ్‌తో పోల్చితే ఇది 250 రెట్లు. ఒక్కరి ముఖం కోసం 250 మంది మాటల చోటు ఇవ్వవలసి వచ్చిందన్నమాట. అంతటి సంస్థ కూడా కొద్ది ఏళ్లకే చేతులెత్తేసింది.

పుదుచ్చేరివాసులకు ఆసక్తి కలిగించే ప్రయోగం మరొకటి ఫ్రాన్సులో జరిగింది. అట్లాంటిక్ తీరాన బియారిట్జ్ అనే పట్టణంలో 1984లో ఇళ్లదాకా ఆప్టికల్ ఫైబరు వేసి, చందాదారులకు తెర, కెమెరా అమర్చిన టెలిఫోనులు ఇచ్చారు. ఆ ఫైబరు మీదనే టెలివిజను కార్యక్రమాలు కూడా ఇంటికి చేరేవి. అధ్యక్షుడు మిత్తెరాఁ స్వయంగా ప్రారంభించారు. ఫ్రాన్సు దేశపు ఇళ్లన్నిటికీ అది మాదిరి కాగలదని అప్పట్లో ఆశపడ్డారు. ఖర్చుకు తట్టుకోలేక అది ఆ ఊరితోనే ఆగిపోయింది. ఇంటిదాకా ఫైబరు అన్న మాట ఈనాడు మన సంస్థలో కొత్తగా చేరిన కుర్రవాడికి కూడా కంఠస్థం. నలభై ఏళ్ల క్రితం ఒక చిన్న సముద్రతీర పట్టణంలో అది పనిచేసి చూపిందని చెబితే వారు నమ్మలేనట్లు చూస్తారు.

ఇక మన విషయానికి నేరుగా సంబంధించిన వస్తువు 1997లో అమెరికా అంగళ్లలోకి వచ్చింది. ఎయిట్ బై ఎయిట్ అనే సంస్థ వయాటీవీ పేరిటా, సీ-ఫోన్ అనే మరొక సంస్థ తన పేరిటా చిన్న పెట్టెలను అమ్మాయి. పెట్టెలో కెమెరా ఉంటుంది. దానిని టెలివిజను మీద పెట్టి, ఒక తీగను టీవీకీ, ఒకదానిని టెలిఫోను సాకెట్టుకూ తగిలించాలి. ముందు మామూలుగానే నంబరు తిప్పి పలకరించుకోవాలి. ఆ పైన ఇద్దరూ ఒప్పుకుని బటన్ నొక్కితే, పెట్టెలలోని మోడెములు వాటిలో అవి గురగురలాడుకుని, కాసేపటికి అవతలివారి ముఖం టీవీ తెర మీద తేలేది. కంప్యూటరు అక్కరలేదు, కొత్త తీగ అక్కరలేదు. అంతకు ఐదేళ్ల ముందు, 1992లో, ఏటీ అండ్ టీ వారు మూడు అంగుళాల చిల్లర తెరతో ఇటువంటి టెలిఫోనునే 1,499 డాలర్లకు అమ్మబోయి, 1995 నాటికి మానుకున్నారు. టీవీనే తెరగా వాడుకోవాలన్న ఆలోచన వలన ఆ తరువాతి పెట్టెల వెల చాలా దిగివచ్చింది.

అప్పుడు మేము ఉద్యోగంలో ఇంకా పచ్చిగా ఉన్న రోజులు. సాంకేతిక పత్రికలలో వీటి వర్ణన చదివి, కాగితం మీద లెక్క కట్టిన సంగతి గుర్తున్నది. పాఠకులు విసుగు చెందరని ఆ లెక్క ఇక్కడ ఇస్తున్నాము. ఆ పెట్టెలు పంపే బొమ్మ అడ్డం 176, నిలువు 144 చుక్కలు, మొత్తం 25,344. చుక్కకు 12 బిట్ల చొప్పున, సెకనుకు 10 బొమ్మలు పంపాలంటే 30 లక్షల బిట్లు పైచిలుకు. మన రాగితీగ మీద ఆనాటి ఉత్తమమైన మోడెము మోయగలిగింది సెకనుకు 33,600 బిట్లు. అందులో గొంతుకు 6,000 పైగా పోతే బొమ్మకు మిగిలేది సుమారు 27,000. అంటే బొమ్మను నూటికి పైగా రెట్లు కుదించాలి. 1996లో అంతర్జాతీయ టెలికాం సంఘం ఆమోదించిన హెచ్.324 అనే ప్రమాణం సరిగ్గా ఈ పనికోసం పుట్టినదే. ముందటి బొమ్మకూ తరువాతి బొమ్మకూ ఉన్న తేడాను మాత్రమే పంపి, కదలని గోడనూ కిటికీనీ మళ్లీ మళ్లీ పంపకుండా పొదుపు చేయడం దానిలోని కిటుకు. ఆ 33,600 అన్నది కూడా మచ్చలేని తీగ మీద. సముద్రపు గాలికి అతుకులు చిలుము పట్టే మా ఊరి తీగల మీద అందులో ఎంత దక్కుతుందో, లైనుమన్లతో తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ పెట్టె ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు చాలామంది వేగం చాలకపోవడమే కారణమంటారు. అది సగమే నిజం. అటువంటి పెట్టె ఒక్కటి కొనడం ఒంటికాలి చెప్పు కొన్నట్లు. అవతలివారి ఇంట జోడు లేనిదే అది దేనికీ కొరగాదు. వేగం బాధ లేని 2010లో సిస్కో సంస్థ యూమీ అనే టీవీ పరికరాన్ని 599 డాలర్లకూ, నెలకు మరో 24.99 డాలర్లకూ అమ్మకానికి పెట్టి, 2012 తొలినాళ్లకల్లా ఆపివేసింది. బొమ్మ చక్కగా ఉండేది; జోడే దొరకలేదు. బొమ్మతో మాట్లాడడం ఇంటింటికీ చేరడానికి, చివరకు అందరి జేబుల్లోనూ కెమెరా ఉన్న ఫోను చేరవలసి వచ్చింది.

మరి జేబులో ఫోను ఉండగా టీవీ ఎందుకు అని మా అబ్బాయి కూడా అడిగాడు. మేమూ మొదట పిన్నికి అటువంటి ఫోనే కొని ఇచ్చాము. వంకర తిరిగిన మణికట్టుతో ఆమె దానిని పట్టుకోలేకపోయేవారు. మాకు ఎక్కువగా కనిపించింది యానాం ఇంటి పైకప్పు, అప్పుడప్పుడు పిన్ని చెవి. వినబడదు గనుక ఫోనును చెవికి ఆనించుకునేవారు, ఆనిస్తే ముఖం కనబడదు! అమ్మగారి స్థితి ఇంకొక విధం. ఆరంగుళాల తెర మీద చెల్లెలి పెదవులు ఆమెకు ఆనేవి కావు.

పెదవుల మాట ఎందుకు ఎత్తామంటే, అసలు కీలకం అక్కడ ఉన్నది. వినికిడి తగ్గిన పెద్దలు తమకు తెలియకుండానే ఎదుటివారి పెదవులను చదువుతూ, చెవి వదిలేసిన అక్షరాలను కంటితో పూరించుకుంటారు. టెలిఫోను ఆ సగాన్ని కోసివేస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే చక్కగా మాట్లాడే మనిషి ఫోనులో "సరే, సరే" అంటూ తప్పించుకోవడానికి కారణం ఇదే. టెలికాం సంఘంవారు సంజ్ఞాభాష, పెదవి చదువుల విషయమై 1999లో వెలువరించిన ఒక అనుబంధంలో సెకనుకు 20కి మించి బొమ్మలు ఉంటే మంచిదనీ, 12కు దిగితే కష్టమనీ అభిప్రాయపడ్డారు. 1997 నాటి పెట్టెకు మామూలు టెలిఫోను తీగ మీద అంత వేగం అందడం కష్టమే. కాబట్టి ఆనాడు మేము అప్పుచేసి రెండు పెట్టెలు తెప్పించినా, అమ్మగారికి ముఖం కనబడేదేగాని మాట అందేది కాదు. ఈ లెక్క మా మనసుకు కొంత ఊరట.

నడుమ బ్రాడ్‌బాండు వచ్చింది. 2004 నాటి జాతీయ విధానం 256 కిలోబిట్లనే కనీస వేగంగా నిర్ణయించింది. అదే రాగితీగ మీద వచ్చిన ఏడీఎస్ఎల్‌లో ఒక పక్షపాతం ఉన్నది. ఇంటికి వచ్చే దారి వెడల్పు, ఇంటినుంచి పోయే దారి ఇరుకు. ఇంట్లోవారు పుచ్చుకునేవారేగాని ఇచ్చేవారు కారన్న ఊహతో చేసిన ఏర్పాటు అది. సినిమాకు అది చాలు. కాని బొమ్మతో మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఇచ్చేవారే, ఇద్దరూ పుచ్చుకునేవారే. ఫైబరు వచ్చాకగాని ఆ ఇరుకు తీరలేదు. ఇప్పుడు నాణ్యమైన బొమ్మకు పోను, రాను సుమారు 2 మెగాబిట్లు చాలు. ఎంత చిన్న ఫైబరు ప్లానులోనైనా దానికి అనేక రెట్లు ఉన్నది.

2019 సంక్రాంతికి యానాం వెళ్లినప్పుడు పిన్ని ఇంట్లో అమరిక పూర్తిచేశాము. కొత్తగా కొన్నది కెమెరా ఒక్కటే. మా అబ్బాయి వదిలేసిన ల్యాప్‌టాపును టీవీ వెనుక మేకుకు తగిలించి, హెచ్‌డీఎంఐ తీగతో ఆమె 32 అంగుళాల టీవీకి కలిపాము. పుదుచ్చేరిలోనూ అదే ఏర్పాటు. తెలుసుకున్న సంగతులు ఇవి.

కుర్చీ టీవీకి 2 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకన్న వెనుకకు జరిగితే ముఖం చిన్నదై పెదవులు తెలియవు. కెమెరా టీవీ నెత్తిన ఉంటుంది, చూపు తెర మీద ఉంటుంది గనుక కళ్లు కలవవేమోనని మాకు సందేహం ఉండేది. లెక్క కడితే 2 మీటర్ల దూరంలో ఆ తేడా 7 డిగ్రీలు మాత్రమే. ల్యాప్‌టాపును ఒడిలో పెట్టుకుంటే అది 15 డిగ్రీల దాకా పోతుంది. అందువల్ల టీవీ ముందు కూర్చున్న మనిషి మనవంకే చూస్తున్నట్లు అనిపిస్తుంది. వెలుతురు ముఖం మీద పడాలి. పిన్ని కుర్చీ వెనుక కిటికీ ఉండటంతో మొదటిరోజు ఆమె నల్లని నీడలా కనిపించారు, కుర్చీ తిప్పాము. మరొకటి, అన్నిటికన్న ముఖ్యమైనది, టీవీల అలంకారబుద్ధి. ఈనాటి టీవీలు బొమ్మను నునుపు చేయడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఈలోగా మాట ముందు వచ్చి, పెదవి వెనుక కదులుతుంది. మాట 45 మిల్లీసెకన్లు ముందైతేనే మనిషి పసికడతాడని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పెదవి చదివేవారికి అది మరింత చికాకు. టీవీ మెనూలో ఆటలకోసం ఉంచిన గేమ్ మోడ్ పెడితే ఆ ఆలస్యం చాలావరకు పోతుంది. పిల్లల ఆటలకోసం చేసినది ముసలివాళ్ల ముచ్చట్లకు అక్కరకు వచ్చింది.

కాల్ దానంతట అది కలిసేటట్లు పెడదామని మేము ప్రతిపాదిస్తే పిన్ని ససేమిరా అన్నారు. "నేను తల దువ్వుకోకుండా ఉన్నప్పుడు నువ్వు ఊడిపడితే?" అని ఆవిడ ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇంజనీరింగులో సమాధానం లేదు. మా శ్రీమతి కెమెరాకు చిన్న గుడ్డ తొడుగు కుట్టి ఇచ్చింది. ముందు ఇంటి టెలిఫోను మోగాలి. పిన్ని ఎత్తి "ఆఁ, ఉండక్కా" అని పెట్టేసి, తొడుగు తీసి కూర్చోవాలి. ఆ తరువాతే బొమ్మ కలవాలి. ఇరవై ఏళ్ల క్రితం ఆ అమెరికా పెట్టెలు పాటించిన మర్యాదే ఇది అని మాకు తరువాత తట్టింది.

మేము పుదుచ్చేరికి తిరిగివచ్చిన మొదటి ఆదివారం అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని కంటతడి పెట్టుకుంటారని మా ఇంట అందరం ఎదురుచూశాము. అమ్మగారు తెరవంక రెప్పవేయకుండా చూసి అన్న మొదటిమాట, "ఆ కర్టెను ఉతికి ఎన్నాళ్లయిందే?" అన్నది. "నీ చీర మాత్రం? వెలిసిపోయింది" అని అటునుంచి జవాబు. ఒక్కసారి కూడా "ఏమిటీ?" అని అడగకుండా యాభై నిమిషాలు మాట్లాడుకున్నారు. 2020 మార్చిలో రాకపోకలు నిలిచిపోయిన నెలలలో ఆ కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్న రోజు అరుదు.

ఒక లోపం మాత్రం దాచకుండా చెప్పాలి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఊరంతా జలమయమైంది. మా వీధిలో కరెంటు పోయింది. యానాంలో పిన్ని వార్తలలో మా ఊరి నీళ్లు చూస్తున్నారు. మా టీవీ, ఫైబరు పెట్టె, దానికి తగిలించిన టెలిఫోను మూగబోయాయి. పాత రాగితీగ టెలిఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీలనుంచే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది. ఇంట్లో దీపం ఆరినా ఫోను పలికేది. ఫైబరు వెలుతురును మోస్తుందిగాని విద్యుత్తును మోయదు. ఈ భేదం మాకు తెలియనిది కాదు. పదిమందికి పాఠం చెప్పినవాళ్లమే. అయినా ఇంట్లో బ్యాటరీ పెట్టుకోలేదు. కరెంటు వచ్చాక కాల్ కలిస్తే పిన్ని పలకరింపు కూడా లేకుండా, "గోడ చూపించండి, నీళ్లు ఎందాకా వచ్చాయి?" అన్నారు. కెమెరా తీసి గోడమీది చారను చూపించాము. మోకాలి ఎత్తున్నది. ఆ చారను చూశాకగాని ఆమె కూర్చోలేదు. ఆ వారంలోనే రెండు ఇళ్లలోనూ ఫైబరు పెట్టెకు చిన్న 12 వోల్టుల బ్యాటరీలు అమర్చాము. టీవీని అవి నడపలేవు. టెలిఫోను పలికితే చాలును.

మా వీధిలో ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను పుచ్చుకుంటున్న ఒక పెద్దాయన ఈ ఏర్పాటు చూసి తమ ఇంట కూడా పెట్టించుకున్నారు. పిల్లలంతా ఫ్రాన్సులోనే. అక్కడి గడియారం శీతాకాలంలో మనకన్న నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక. ఆ గంట తేడా ఏడాదికి రెండుసార్లు ఆయన మధ్యాహ్నపు నిద్రను చెడగొడుతున్నదని ఆయన ఫిర్యాదు. ఆదివారం ఒంటిగంటన్నరకు ఆ ఇంటి కిటికీలోనుంచి తమిళమూ ఫ్రెంచీ కలగలిసి వినిపిస్తాయి.

మా ఇంట ఆదివారపు వేళ సాయంత్రం ఐదు. మేము కాల్ కలిపి పక్కకు తప్పుకుంటాము. పలకరింపులు అవుతాయో లేదో, అమ్మగారు ముందుకు వంగి, "ఏదీ, చెయ్యి చూపించు" అంటారు. పిన్ని కుడిచేతిని పమిటలోనే ఉంచి ఎడమచేతిని కెమెరా ముందు ఆడిస్తారు. "అది కాదే, రెండోది" అంటారు అమ్మగారు.